ఫలహారం లెక్కలోకి రాదు

మా బావగారి ఎడమకాలి బొటనవేలి కింద పుండు మానడం లేదని అక్క ఫోన్ చేసినప్పుడు నేను కలిదిండి దగ్గర ఒక చేపల చెరువు గట్టు మీద ఉన్నాను. ఎన్నాళ్ల నుంచి అని అడిగాను. ఓ నెల అయ్యుంటుంది అంది. నెల అంటే ఇరవై ఎనిమిది రోజులా, ముప్పై అయిదా అని అడిగాను. అక్కకి కోపం వచ్చింది. నీ లెక్కలు తర్వాత, ముందు ఏలూరులో మంచి డాక్టరు ఎవరో చూడమంది.

నేను పదో తరగతితో చదువు ఆపేసినవాణ్ని. పాతికేళ్లుగా కొల్లేరు చుట్టుపక్కల చెరువులకు మేత లెక్క కట్టడం నా పని. వల వేసి కొన్ని చేపలు పట్టి, తూచి, సగటు తీసి, చెరువులో ఎన్ని బతికున్నాయో అంచనా వేసి, ఆ రోజు ఎన్ని సంచుల తవుడు కట్టాలో చెబుతాను. సంచులకు కన్నాలు పెట్టి, నీళ్లలో పాతిన వెదురు గెడలకు కడతారు. చేపలు వచ్చి ఆ కన్నాలకు మూతి ఆనించి లాక్కుని తింటాయి. ఎక్కువైతే నీళ్లు చెడతాయి, తక్కువైతే చేప ఎదగదు. ఈ పని నాకెవరూ నేర్పలేదు. తప్పు చేస్తూ, రాసుకుంటూ నేర్చుకున్నాను. ఇప్పుడు తప్పులు చేయను. చేయననే అనుకునేవాణ్ని.

ఏలూరు డాక్టరుగారు పుండు శుభ్రం చేసి, కట్టు కట్టి, చాలా సూటిగా మాట్లాడారు. నాలుగు వారాలు చూస్తానన్నారు. పరగడుపున షుగరు నూట నలభై లోపుకి దిగితే పుండు ఎండే అవకాశం ఉంది. దిగకపోతే వేలు తీసేయాలి. వేలు తీశాక కూడా ఇలాగే ఉంటే పాదం. ఆ రోజు పరగడుపు అంకె రెండు వందల డెబ్బై ఆరు. బావగారికి అరవై ఒక్క ఏళ్లు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కమీషన్ కొట్టు ఉంది. పొద్దున్న లారీలు దిగే వేళ నుంచి మధ్యాహ్నం దాకా నిలబడి వేలం పాట పాడించాలి. పాదం లేని మనిషి చేసే పని కాదది.

వాళ్లని గూడెం దింపడానికి వెళ్తుంటే రైల్లో ఆయన కిటికీలోంచి చూస్తూ, "లెక్కలన్నీ నువ్వు చూడు బామ్మర్దీ. ఎంత తినమంటే అంత తింటాను" అన్నారు. కాలు నా చేతిలో పెట్టినట్టే అన్నారు.

ఒక సంగతి ముందే చెప్పేయాలి. పదేళ్ల క్రితం దాకా బావగారు తాగేవారు. పొద్దున్నే మొదలుపెట్టే స్థితికి వచ్చాక, ఒక రోజు ఆయనే ఇక చాలన్నారు. ఏలూరులో మా ఇంటి వెనక గదిలో తొమ్మిది రోజులు ఉన్నారు. చేతులు వణికాయి, దుప్పటి తడిసిపోయేలా చెమట పట్టింది, గోడ మీద లేని బల్లుల్ని తోలారు. ఒక డాక్టరు రోజూ వచ్చి సూది వేసి వెళ్లేవాడు. చుట్టాలు వచ్చి తలుపు దగ్గర నిలబడి జాలిపడ్డారు. అది జబ్బు అని అందరూ ఒప్పుకున్నారు. ఆ తొమ్మిది రోజుల్లో వణుకు వచ్చినప్పుడల్లా అక్క ఆయన నోట్లో బెల్లంముక్క పెట్టేది. వణుకు కాస్త తగ్గేది. అది పనిచేస్తోందని మేమంతా సంతోషించాం.

ఆ తర్వాత బెల్లంముక్క బెల్లంమిఠాయి అయింది, మిఠాయి కోవాబిళ్ల అయింది. మందు మానేసిన మనిషి, తీపైనా తిననివ్వండి పాపం అని ప్రతివాళ్లూ అనేవారు. నేనూ అన్నాను. నెలకు రెండుసార్లు గూడెం వెళ్లేవాణ్ని, వెళ్లినప్పుడల్లా అరకిలో కోవాబిళ్లలు. నాలుగేళ్లకు ఆయనకు షుగరు తేలింది. అప్పుడు నేను చేసిన పని ఏమిటంటే అరకిలోను పావుకిలో చేశాను. మానలేదు. మొదటి నాలుగేళ్లు నలభై ఎనిమిది కిలోలు, తర్వాత ఆరేళ్లు ముప్పై ఆరు. మొత్తం ఎనభై నాలుగు. బావగారి బరువు ఎనభై ఒకటి. ఈ లెక్క నేను ఏలూరు డాక్టరు దగ్గర నుంచి వచ్చాక కట్టాను. కట్టాల్సినప్పుడు కట్టలేదు.

సరే, నాలుగు వారాల పని మొదలుపెట్టాను. వంటింటి తూకం ఒకటి కొన్నాను. అక్కకొకటి, నాకొకటి పుస్తకాలు తీసుకుని గళ్లు గీశాను. పరగడుపు అంకె, పగటి భోజనం, రాత్రి భోజనం, తీపి, మాత్రలు. మధ్యాహ్నం అన్నం నూట యాభై గ్రాములు, తూచి. రాత్రి అన్నం బొత్తిగా లేదు, ఏదైనా టిఫిన్ చేయమన్నాను. తీపి సున్నా. పుండు మీద బరువు పడకూడదు కాబట్టి నడక గడి లేదు. అక్క రోజూ పొద్దున్న ఫోన్‌లో అంకెలు చెప్పేది, నేను చెరువు గట్టు మీదే నా దగ్గరున్న పుస్తకంలో ఎక్కించేవాణ్ని.

వారానికి అంకె రెండు వందల యాభై ఎనిమిదికి దిగింది. పన్నెండో రోజుకి మళ్లీ రెండు వందల అరవై మూడు. పుండు అలాగే ఉంది. రాత్రి అన్నం పూర్తిగా పోయింది, పగటి అన్నం సగమైంది, తీపి లేదు, మాత్రలు తప్పలేదు. లెక్క ప్రకారం అంకె దిగాలి. దిగకపోతే ఎవరో అబద్ధం చెబుతున్నారు. చెరువులో అయినా అంతే. మేత సరిపోయి చేప ఎదగలేదంటే మధ్యలో సంచులు ఎవరో ఎత్తుకుపోతున్నారన్నమాట.

పదమూడో రోజు శనివారం. చెప్పకుండా రైలెక్కి గూడెం వెళ్లి, ఇంటికి పోకుండా తిన్నగా కొట్టుకు వెళ్లాను. బావగారు బల్ల మీద కాలు చాపుకుని కూర్చుని, గుమస్తా చేత పాట పాడిస్తున్నారు. నేను సొరుగులు లాగాను. ఆయన స్కూటర్ డిక్కీ తీసి చూశాను. గోతాల వెనక చెయ్యి పెట్టి తడిమాను. సోంపు పొట్లం ఒకటి దొరికింది. మూటలు మోసే జట్టువాళ్లు పని ఆపి చూస్తున్నారు.

"ఇదివరకు సీసా కోసం ఇలాగే వెతికేవాడివి. అప్పుడైతే దొరికేది కూడాను," అన్నారు బావగారు నవ్వుతూ.

నేను నవ్వలేదు. తీపి ఎక్కడ తింటున్నారో చెప్పమన్నాను.

"పదమూడు రోజులైందిరా ముట్టి. ఒట్టు."

"తాగేటప్పుడు కూడా ఒట్లు వేసేవారండి."

ఆ మాట జట్టువాళ్లందరి ముందూ అన్నాను. ఆయన ముఖంలో నవ్వు పోయింది. సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. నేనూ పలకరించలేదు. ఆయన కాలు కోసం నేను పనులు మానుకుని తిరుగుతుంటే, ఆయన నన్ను మోసం చేస్తున్నారని నాకు ఒళ్లు మండిపోతోంది.

ఆ సాయంత్రం అక్కావాళ్లింట్లోనే ఉన్నాను. బావగారికి శనివారం నియమం ఉంది. ముప్పై ఏళ్లుగా శనివారం రాత్రి అన్నం ముట్టరు, వెంకటేశ్వరస్వామికి మొక్కు. ఎనిమిదింటికి అక్క ఆయనకు ఫలహారం పెట్టింది. ఆరు ఇడ్లీలు. కారప్పొడి, నెయ్యి. ఇడ్లీ ఇట్టే అరిగిపోతుందని ఒక గిన్నెడు ఉప్మా. దేవుడికి పెట్టినవని రెండు చక్కెరకేళీ అరటిపళ్లు. గ్లాసుడు పాలు. ఆయన బుద్ధిగా తిన్నారు. దాచింది ఏమీ లేదు. నేను ఎదురుగానే కూర్చున్నాను.

అక్కని అడిగాను, రోజూ రాత్రి ఇంతేనా అని. నువ్వు అన్నం మాన్పించాక రోజూ శనివారమేగా అంది. పొద్దున్న ఏమిటని అడిగాను. దిబ్బరొట్టె. సాయంత్రం కొట్టు నుంచి రాగానే అటుకులు, ఒక్కోసారి పునుగులు.

"ఇదంతా పుస్తకంలో ఎందుకు రాయలేదక్కా?"

"ఏదిరా?"

"ఈ ఇడ్లీలు, ఈ ఉప్మా."

"ఇది ఫలహారం కదరా. నువ్వు భోజనం అని గడి గీశావు."

నిజమే. నేనే గీశాను. వంటింట్లోంచి తూకం తెచ్చి మిగిలిన ఇడ్లీ ఒకటి పెట్టాను. అరవై రెండు గ్రాములు. ఆరు వేస్తే మూడు వందల డెబ్బై రెండు. అదే గిన్నెతో ఉప్మా రెండు వందల నలభై. రాత్రి అన్నం మాన్పించక ముందు ఆయన తినేది మూడు వందల గ్రాముల అన్నం. నేను మాన్పించాక ఆరు వందల పన్నెండు గ్రాముల ఫలహారం. పైన పళ్లు, పాలు. అంటే రెండు వారాలుగా ఆయన కాలికి నా చేతులతో నేనే మేత రెట్టింపు చేశాను. చేసి, కొట్టుకు వెళ్లి దొంగ అన్నాను.

మా జిల్లాల్లో అన్నం ఒక్కటే తిండి. మిగిలింది ఏదైనా నోరు ఆడించుకోవడం. అయిదు అట్లు తిన్న మనిషిని భోంచేశారా అంటే, లేదండి, ఏమీ తినలేదు అంటాడు. అది అబద్ధం కాదు, ఆ మనిషి అలాగే అనుకుంటాడు. ఉపవాసం ఉన్న ఇంట్లో ఉన్నంత ఉప్మా పెళ్లింట్లో ఉండదు. షుగరు అనగానే ఊరంతా రాత్రి అన్నం మానేసి టిఫిన్‌లో పడుతోంది. బియ్యం రవ్వ అయితే బియ్యం కాకుండా పోతుందని అనుకునే లక్షణం మనది. నన్ను చూడండి. పాతికేళ్లు తవుడు తూచాను. ఆ వడ్ల గింజ మీద పొట్టు తూచడం వచ్చు, లోపలి గింజ ఇడ్లీ రూపంలో కంచంలోకి వస్తే గుర్తుపట్టడం రాలేదు.

బావగారికి క్షమాపణ చెప్పాను. ఆయన పట్టించుకోలేదు. అయితే ఇప్పుడు ఇడ్లీ కూడా పోయిందా అని అడిగారు. అంతే ఆయన బాధ.

మర్నాడు డాక్టరుగారికి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను. ఆయన మాత్రల మోతాదు మార్చారు. వణుకు వస్తే ముందు మిషన్‌తో చూడండి, డెబ్బై కన్నా తక్కువుంటేనే పంచదార ఇవ్వండి అన్నారు. నేను పనికి ఎనిమిది రోజులు సెలవు చెప్పి గూడెంలోనే ఉండిపోయాను. మధ్యాహ్నం వంద గ్రాముల అన్నం. మిగతా అన్ని పూటలా ఆకుకూర పప్పు, చేపల కూర, గుడ్లు, మజ్జిగ, ఉడికించిన పెసలు. రొట్టె లేదు, రవ్వ లేదు, అటుకులు లేవు. ఆయన ఒక్కరే ఎందుకు, నేనూ ఇదే తింటానన్నాను. నాకు షుగరు లేదు. చూద్దామని.

మూడో రోజు పదకొండు గంటలకు కొట్టు నుంచి ఆయన్ని ఆటోలో తీసుకొచ్చారు. చొక్కా తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి. తల పగిలిపోతోందన్నారు. అక్క పంచదార నీళ్లు కలుపుకుని పరిగెత్తుకొచ్చింది. నేను గ్లాసు పట్టుకుని ఆపాను. నన్ను చంపేసేలా చూసింది. వేలు గుచ్చి మిషన్‌లో పెట్టాను. నూట ఎనభై ఏడు. ఇంకోసారి పెట్టాను. నూట ఎనభై నాలుగు. మామూలు మనిషికి ఉండాల్సిన దానికన్నా ఎక్కువే. ఒంట్లో చక్కెరకి లోటు లేదు. అయినా ఆ చెయ్యి వణుకుతోంది. ఆ వణుకు నాకు కొత్త కాదు. పదేళ్ల కిందట మా వెనక గదిలో చూసిందే.

మధ్యాహ్నం వంద గ్రాముల అన్నం పెడితే నాలుగు ముద్దల్లో అయిపోయింది. ఇంకో ముద్ద పెరుగన్నం పెట్టమని అక్కని అడిగారు. ఆమె నా వైపు చూసింది. ఆయన కంచం తీసి గోడకేసి కొట్టారు. తర్వాత అలాగే కూర్చుని ఏడ్చారు. రోజుకి పది లారీల సరుకు గొంతెత్తి అమ్మించే మనిషి, ఒక్క ముద్ద పెరుగన్నం కోసం ఏడవడం నేను చూశాను. అక్క పప్పు తుడుస్తూ తల ఎత్తలేదు.

కాసేపటికి ఆయన మామూలు గొంతుతో అన్నారు. "మందు మానినప్పుడు ఇంట్లోంచి సీసాలన్నీ తీసేశారు. వీధిలో తాగేవాణ్ని కూడా నా దగ్గరికి రానివ్వలేదు. దీనికి ఏం తీస్తారురా? రోజుకి మూడుసార్లు కంచంలో పెట్టి, ఇంతే తాగు, ఎక్కువ తాగకు అంటున్నారు."

నేను లేచి గోడ కింద పడున్న కంచం తీశాను.

కట్టు మార్పించడానికి ఏలూరు వెళ్లిన రోజు డాక్టరుగారిని ఇదే అడిగాను. ఇది మందులాంటిదేనా అని. ఆయన కాదన్నారు. ఎక్కువ చక్కెరకి అలవాటుపడ్డ ఒళ్లు, తగ్గించగానే ఇలా గోల చేస్తుంది, కొన్నాళ్లకు సర్దుకుంటుంది, మనసు గట్టి చేసుకోవాలి అన్నారు. ఒళ్లు అలవాటుపడి, తీసేస్తే గోల చేస్తే, దాన్ని ఏమంటారండి అన్నాను. అవునని వాదించే డాక్టర్లూ ఉన్నారు, కాదని వాదించేవాళ్లూ ఉన్నారు, ఇంకా తేలలేదు అన్నారు. అది నిజాయితీగా చెప్పిన మాటే, కాదనను. కానీ అదే నోటితో మనసు గట్టి చేసుకోమన్నారు చూడండి, అక్కడ నాకు మండింది. తేలనప్పుడు తప్పు మనిషి మీద ఎందుకు వేస్తారు? వణికింది మనసు కాదు. చొక్కా తడిసింది మనసు వల్ల కాదు.

నా సంగతి కూడా చెబుతాను. నాకు షుగరు లేదు, పుండు లేదు, తాగుడు ఎప్పుడూ లేదు. రెండో రోజు సాయంత్రానికి కణతలు కొట్టుకోవడం మొదలైంది. టీతో బిస్కెట్టు కోసం చెయ్యి లేచిన ప్రతిసారీ, ఏదైనా నములుదామని డబ్బాల వైపు చూసిన ప్రతిసారీ, కాగితం మీద గీత గీశాను. మొదటి రోజు ముప్పై ఒకటి. రెండో రోజు నలభై నాలుగు. మూడో రోజు యాభై రెండు. మూడో రోజే ఒక చెరువు రైతుకి ఫోన్‌లో ముప్పై రెండు సంచులు చెప్పాల్సింది ఇరవై మూడు చెప్పాను. పాతికేళ్లలో అలాంటి పొరపాటు లేదు. సాయంత్రం ఆయన ఫోన్ చేసి, "ఏంటండీ, ఇవాళ చేపలకి కూడా ఒంటిపూటా?" అన్నారు. నేను ఆయన మీద అరిచాను. పాపం, చేసిన తప్పు నాది. ఆరో రోజుకి గీతలు ఇరవై, ఎనిమిదో రోజుకి పన్నెండు. తలనొప్పి పోయింది.

ఒక్క మనిషి లెక్కతో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. ఒక చేపను తూచి చెరువు బరువు చెప్పను. కానీ ఆ ఒక్క చేప బరువు మాత్రం అబద్ధం కాదు.

ఆ ఎనిమిది రోజుల్లో బావగారి పరగడుపు అంకె నూట యాభై ఒకటికి దిగింది. పుండు అంచులు గులాబీరంగుకు తిరిగాయి. అక్క రోజూ ఫోన్‌తో ఫొటో తీసి, ముందురోజు ఫొటో పక్కన పెట్టి చూసుకునేది. ఇంకో వారం ఇలాగే ఉంటే వేలు దక్కుతుందని డాక్టరుగారు అన్నారు. నేను ఏలూరు బయల్దేరేటప్పుడు బావగారు నా భుజం మీద చెయ్యి వేశారు.

ఆ వారంలోనే తణుకులో గృహప్రవేశం వచ్చింది. బావగారి పెదనాన్న కొడుకు, ఆయనకు అన్నగారి వరస, కొత్తిల్లు కట్టుకున్నారు. వెళ్లొద్దన్నాను. తోడబుట్టినవాళ్లలాంటి వాళ్లు, వెళ్లకపోతే జీవితాంతం మాటలు పడాలి అంది అక్క. నేనూ వెళ్లాను, కాపలాకి.

భోజనాల బంతిలో బావగారి పక్కనే కూర్చున్నాను. పప్పు, కూర, పెరుగు మాత్రం వేయించుకున్నారు. ఆయన బాగానే ఉన్నారు. అప్పుడు ఇంటాయన స్వయంగా బూరెల పళ్లెం పట్టుకుని, ఒక్కొక్కరినీ పలకరిస్తూ, కొసరి కొసరి వడ్డిస్తూ వచ్చారు. వెనకాలే వాళ్లావిడ నేతిగిన్నె పట్టుకుని. బావగారు రెండు చేతులూ ఆకు మీద అడ్డం పెట్టి వద్దన్నయ్యా అన్నారు. ఇక్కడ ప్రతివాళ్లూ అలాగే అంటారు. వద్దనడం మర్యాద, వద్దన్నా వేయడం ఇంకా పెద్ద మర్యాద. మా జిల్లాల్లో వద్దు అనే మాటని ఎవరూ మాటగా తీసుకోరు. నిజంగా వద్దనుకున్నవాడు ఏమనాలో మా పెద్దలు మాకు నేర్పలేదు.

ఇంటాయన బూరెని బావగారి చేతుల మీదే పెట్టారు. "బ్రాందీ సీసా వదిలేసిన మగాడివి, బూరెకి జడుస్తావేంట్రా?" అన్నారు. బంతి అంతా నవ్వింది. షుగరండి, కాలికి పుండు ఉంది అని నేను చెప్పాను. "ఎవరికి లేదండీ షుగరు? నాకు లేదా? ఓ మాత్ర ఎక్కువ వేసుకుంటే సరి. శుభం జరిగిన ఇంట నోరు తీపి చేసుకోకుండా పోతారా?" అన్నారాయన. బూరెకి కన్నం పెట్టి వాళ్లావిడ నెయ్యి పోసింది.

బావగారు నా వైపు చూడలేదు. ఒకటి తిన్నారు. నేను ఆయన ముఖం చూశాను. తాగే రోజుల్లో పొద్దున్నే మొదటి గ్లాసు దిగాక వచ్చే నెమ్మదే ఆ ముఖంలోకి వచ్చింది. రెండోది అడగకుండానే వేశారు. మూడోదానికి ఆయనే ఆకు ముందుకు జరిపారు. నేను లెక్కపెట్టాను. ఏడు. తర్వాత అన్నం మారు అడిగారు.

బంతి మధ్యలో లేవడం పెట్టినవాళ్లకి అవమానం. లేచాను. ఎంగిలి చేత్తోనే ఇంటాయన దగ్గరికి వెళ్లాను. "ఆయనకి ఓ గ్లాసు బ్రాందీ పోస్తారా అండీ? శుభం జరిగిన ఇల్లు కదా, ఒక్క గ్లాసు?"

"అదీ ఇదీ ఒకటేనేంటండీ? మతి ఉండే మాట్లాడుతున్నారా?" అన్నారాయన.

"మీరు పదేళ్ల కిందట మా ఇంటికొచ్చి, తలుపు దగ్గర నిలబడి జాలిపడ్డారు. ఇప్పుడు మీరే పోస్తున్నారు."

బావమరిదికి ఎండదెబ్బ తగిలిందని ఎవరో అన్నారు. మళ్లీ నవ్వులు. అక్క నన్ను చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. వాళ్ల ఎదుట ఆమె తల వంచేశానని దారంతా ఏడ్చింది. బావగారు కారు ముందు సీట్లో కళ్లు మూసుకుని ఉన్నారు. ఇంటాయన సంచిలో పెట్టించి ఇచ్చిన బూరెలు ఆయన ఒళ్లో ఉన్నాయి. నేను లాక్కోలేదు. ఎందుకు లాక్కోలేదని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. ఒక్కసారి నలుగురిలో దొంగ అన్న నోరు, రెండోసారి లేవలేదు.

సంచి ఆ సాయంత్రానికే ఖాళీ అయింది. ఆ తర్వాత రెండు రోజులు బావగారు మా అక్క మాట వినలేదు. అన్నం తిన్నారు, రొట్టె తిన్నారు, డబ్బాలో అడుగున ఉన్న బెల్లం తిన్నారు. దాచుకుని కాదు, అందరి ఎదుటా. మూడో రోజు పరగడుపు అంకె రెండు వందల నలభై ఒకటి. అయిదో రోజు కట్టు విప్పితే వాసన వచ్చింది.

నాలుగో వారం చివర ఏలూరులో ఆ వేలు తీసేశారు. పాదం ప్రస్తుతానికి ఉంది. ప్రస్తుతానికి అన్న మాట డాక్టరుగారిదే. గృహప్రవేశం అన్నగారు ఆసుపత్రికి వచ్చారు. ఖర్మ, ఎవరి రాత ఎలా ఉందో అన్నారు. ఆయన మీద అరవడానికి నాకు ఓపిక లేకపోయింది. తప్పు ఆయన ఒక్కరిదే అయితే అరిచేవాణ్ని. ఎనభై నాలుగు కిలోలు నావి ఉన్నాయి. గడి గీసింది నేను.

ఆపరేషన్ అయిన మర్నాడు సాయంత్రం అక్క మందుల కోసం కిందికి వెళ్లింది. గదిలో నేనూ బావగారే ఉన్నాం. క్యాంటీన్ ఆవిడ పళ్లెం తెచ్చి బల్ల మీద పెట్టింది. పెద్ద గిన్నె నిండా ఉప్మా, పక్కన రెండు ముక్కల బ్రెడ్డు, పాలు. పాలల్లో పంచదార ఉందా అని అడిగాను. కొంచెమేనండి అంది. నర్సమ్మ వస్తే, ఇది షుగరు పేషెంటుకి పంపిన తిండేనా అన్నాను.

"అవునండీ. అందుకే అన్నం పెట్టట్లేదు, టిఫినే ఇస్తున్నాం," అంది ఆ అమ్మాయి నెమ్మదిగా, ఎంతో మర్యాదగా.

ఆ అమ్మాయిని ఏమనగలను? ఆమె కూడా ఇక్కడే పుట్టింది. ఆమె వెళ్లాక బావగారు గోడ వైపు తిరిగి పడుకున్నారు.

"బయట పెట్టు బామ్మర్దీ," అన్నారు.

"తర్వాత పెడతానండి. అక్క వస్తుంది, పెసలు తెస్తుంది."

"తర్వాత కాదు. ఇప్పుడే బయట పెట్టు. ఇది గదిలో ఉంటే నేను తినేస్తాను. వేలు పోయిందని తెలుసు, ఇంకోటి పోతుందని తెలుసు. అయినా తినేస్తాను. నువ్వు చూస్తుండగానే తినేస్తాను."

నెల రోజుల కిందట ఎవరైనా ఈ మాట అంటే, మనసు గట్టిగా లేనివాడు అనేవాణ్నేమో. మందు విషయంలో ఆయన ఈ మాటే అన్నప్పుడు మాత్రం మేమంతా ఆయన్ని ధైర్యవంతుడన్నాం. సీసా చూసి పారిపోయినవాడు ధైర్యవంతుడు, ఉప్మా చూసి గోడ వైపు తిరిగినవాణ్ని చూసి బంతి అంతా నవ్వుతుంది.

పళ్లెం తీసుకుని వరండాలోకి వచ్చాను. పెట్టడానికి చోటు లేదు. కుర్చీలన్నిటిలో మనుషులున్నారు. చాలామంది అలాంటి పళ్లేల్లోంచే తింటున్నారు. నేను మళ్లీ పనిలో పడి ఆరు రోజులైంది, టీలో పంచదార ఎప్పుడో తిరిగొచ్చింది. మధ్యాహ్నం ఏమీ తినలేదు. నిజంగానే ఏమీ తినలేదు. తాలింపులో జీడిపప్పు వేశారు. కోపంగా ఉంది, ఎవరి మీదో చెప్పలేను. కిటికీ దగ్గర నిలబడి ఆ ఉప్మా అంతా తినేశాను. బ్రెడ్డు కూడా తిన్నాను. పాలు తాగాను. ఆపుదామనుకున్నాను, రెండుసార్లు. ఆగలేదు.

గదిలోకి వస్తే బావగారు ఇంకా గోడ వైపే ఉన్నారు.

"ఎక్కడ పెట్టావు?"

"తినేశానండి."

ఆయన ఇటు తిరగకుండానే, "రేపట్నుంచి కిందికెళ్లి తిను. ఇక్కడిదాకా వాసన వస్తోంది," అన్నారు.